పైపులో పాలు ఎన్ని లీటర్లు? డైరీ లైన్ల లెక్క వివరంగా

డైరీ ప్లాంట్‌లో ట్యాంకులో ఉన్న పాలకు లెక్క ఉంటుంది. సైలో (పాలు నిల్వ చేసే పెద్ద నిలువు ట్యాంకు) మీద లెవెల్ చూసుకుంటారు, రిజిస్టర్‌లో రాస్తారు, షిఫ్ట్ మారేటప్పుడు అప్పగిస్తారు. అవే పాలు ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు వెళ్ళే దారిలో, స్టీలు పైపుల్లో ఉన్నప్పుడు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. గంటకు 5,000 లీటర్లు నడిపే ఒక మాదిరి ప్లాంట్‌లో కూడా లైన్లు, పాశ్చరైజర్, ఫిల్టర్లు, హోమోజినైజర్ అన్నీ కలిపితే నాలుగైదు వందల లీటర్లు లోపల ఉండిపోవచ్చు. అంటే పదీ పదకొండు పాల క్యాన్లు. ప్లాంటు మొదలుపెట్టినప్పుడు వాటిని నింపాలి, ఆపేటప్పుడు బయటకు తీయాలి. ఎంత ఉందో తెలియకపోతే కొంత కాలువలోకి పోతుంది, లేదా పాలలో నీళ్ళు కలుస్తాయి.

వాల్యూమ్ సూత్రం హైస్కూలు పాఠమే. వ్యాసం తెలిస్తే వైశాల్యం, దాన్ని పొడవుతో గుణిస్తే వాల్యూమ్. అయినా ప్లాంట్లలో ఈ లెక్క తరచూ తప్పుతుంది. ఏ వ్యాసం వేయాలన్న దగ్గర ఒకసారి, వచ్చిన లీటర్లను దేనికి వాడుతున్నామన్న దగ్గర ఇంకోసారి తేడా వస్తుంది. పాశ్చరైజేషన్ సమయం లెక్క కట్టడానికి కావాల్సిన వాల్యూమ్, పాలను నీళ్ళతో తోసేటప్పుడు చూసుకోవాల్సిన వాల్యూమ్, సీఐపీకి (లైన్లను విప్పకుండా ద్రావణాలు తిప్పి కడగడానికి) పట్టే వాల్యూమ్, రోజు చివర నష్టంలో చూపించే వాల్యూమ్ ఒకటి కావు. పైపు అదే అయినా ఒక్కో పనికి ఒక్కో అంకె పట్టుకోవాలి.

రెండు ఇంచుల పైపు అసలు ఎంత?

ముందు వ్యాసం సంగతి. డైరీలో వాడే స్టెయిన్‌లెస్ స్టీలు ట్యూబును బయటి వ్యాసంతో పిలుస్తారు. "రెండు ఇంచుల లైను" లేదా "51 లైను" అంటే బయటి వ్యాసం 50.8 లేదా 51 మి.మీ. అని. పాలు మాత్రం లోపల ఉంటాయి. గోడ మందం 1.2 మి.మీ. అయితే రెండు వైపులా కలిపి 2.4 మి.మీ. తీసేయాలి. 51 మి.మీ. ట్యూబులో లోపలి వ్యాసం 48.6 మి.మీ. మిగులుతుంది. గోడ 1.6 మి.మీ. అయితే ఇంకా తగ్గుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. అదే ప్లాంట్‌లో ఆవిరి, నీళ్ళు, చల్లటి నీళ్ళ లైన్లకు వాడే "రెండు ఇంచుల ఎన్‌బీ పైపు" (ఎన్‌బీ అంటే నామినల్ బోర్, పేరుకు చెప్పే సైజు) బయటి వ్యాసం 60.3 మి.మీ. ఉంటుంది. షెడ్యూల్ 10 గోడతో (షెడ్యూల్ అంటే గోడ మందం తరగతి) లోపలి వ్యాసం దాదాపు 54.8 మి.మీ. వస్తుంది. జర్మన్ డిన్ ప్రమాణం ప్రకారం వచ్చిన పరికరాల మీద "డీఎన్ 50" అని ఉంటే దాని లోపలి వ్యాసం సరిగ్గా 50 మి.మీ. ఇక ట్యాంకర్ అన్‌లోడ్ చేసే రబ్బరు గొట్టాన్ని లోపలి వ్యాసంతోనే పిలుస్తారు. అంటే అందరూ రెండు ఇంచులు అని పిలిచే నాలుగు రకాల గొట్టాల్లో మీటరుకు పట్టే పాలు నాలుగు రకాలు: 51 ట్యూబులో 1.86 లీటర్లు, డిన్ ట్యూబులో 1.96, రబ్బరు గొట్టంలో 2.03, ఎన్‌బీ పైపులో 2.36. మొదటిదానికీ చివరిదానికీ పావు వంతుకు పైగా తేడా ఉంది. వ్యాసం వర్గం అవుతుంది కాబట్టి కొలతలో చిన్న పొరపాటు లీటర్లలో రెట్టింపుగా కనిపిస్తుంది. వ్యాసం 5 శాతం ఎక్కువ వేసుకుంటే వాల్యూమ్ 10 శాతం ఎక్కువ వస్తుంది.

అందుకే డ్రాయింగ్ మీద ఉన్న సైజును నమ్మేకంటే, యూనియన్ (పైపుల జాయింటు) విప్పినప్పుడు వెర్నియర్ కాలిపర్‌తో లోపలి వ్యాసం ఒకసారి కొలుచుకోవడం మంచిది. రెండు నిమిషాల పని. పాత ప్లాంట్లలో ఒకే లైనులో ఒక ముక్క 1.2 మి.మీ. గోడది, తర్వాత రిపేరులో వేసిన ముక్క 1.6 మి.మీ. గోడది ఉండటం మామూలే.

మీటరుకు ఎన్ని లీటర్లు

లోపలి వ్యాసం చేతికొచ్చాక లెక్క సులువు. దాన్ని సెంటీమీటర్లలో రాసుకుని, దానితోనే గుణించి, మళ్ళీ 0.0785తో గుణిస్తే ఒక మీటరు పైపులో పట్టే లీటర్లు వస్తాయి. 48.6 మి.మీ. అంటే 4.86 సెం.మీ. 4.86ను 4.86తో గుణిస్తే 23.6, దాన్ని 0.0785తో గుణిస్తే 1.85 (దశాంశాలు వదలకుండా వేస్తే 1.86). ఈ 0.0785 ఎక్కడిదంటే, గణితంలోని పై (π, 3.14) విలువలో నాలుగో వంతు 0.785. మీటరుకు వంద సెంటీమీటర్లు, లీటరుకు వెయ్యి ఘన సెంటీమీటర్లు కాబట్టి దాన్ని పదితో భాగించాం, అంతే.

మన దగ్గర ఎక్కువగా కనిపించే ట్యూబులకు ఈ లెక్క ఇలా వస్తుంది:

25 మి.మీ. ట్యూబు (గోడ 1.2): మీటరుకు 0.40 లీటర్లు
38 మి.మీ. ట్యూబు (గోడ 1.2): 1.00
51 మి.మీ. ట్యూబు (గోడ 1.2): 1.86
63.5 మి.మీ. ట్యూబు (గోడ 1.6): 2.86
76 మి.మీ. ట్యూబు (గోడ 1.6): 4.16
101.6 మి.మీ. ట్యూబు (గోడ 2.0): 7.48

38 ట్యూబు మీటరుకు దాదాపు లీటరు పడుతుందన్నది గుర్తుపెట్టుకుంటే చాలా చోట్ల పనికొస్తుంది. పొడవు ఎన్ని మీటర్లో అన్ని లీటర్లు.

ఈ "మీటరుకు లీటర్లు" అన్న అంకెకు ఇంకో ఉపయోగం ఉంది. సెకనుకు ఎన్ని లీటర్లు పోతున్నాయో దాన్ని ఈ అంకెతో భాగిస్తే, పాలు సెకనుకు ఎన్ని మీటర్లు కదులుతున్నాయో తెలుస్తుంది. గంటకు 5,000 లీటర్లంటే సెకనుకు 1.39 లీటర్లు. 51 లైనులో అది సెకనుకు 0.75 మీటర్ల వేగం, 63.5 లైనులో 0.49 మీటర్లే. కింద వచ్చే సంగతులు చాలావరకు దీని మీదే నడుస్తాయి.

బెండ్ల గురించి చాలామంది మరీ ఎక్కువ ఆలోచిస్తారు. 51 లైనులో 76 మి.మీ. వ్యాసార్ధంతో వంచిన ఒక బెండు మధ్య గీత పొడవు 12 సెం.మీ. కూడా ఉండదు, అందులో పట్టేది 220 మి.లీ. మూల నుంచి మూలకు టేపుతో కొలిచి బెండ్లను వదిలేసినా ఒక్కో బెండుకు మూడు సెంటీమీటర్లే తేడా. అదే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను (పలుచటి ప్లేట్ల మధ్య పాలను వేడి చేసి చల్లార్చే పరికరాన్ని) వదిలేస్తే పదుల లీటర్లు తప్పుతాయి. ప్లేట్ల మధ్య సందుల్లో ఎంత పడుతుందో బయట నుంచి కొలవలేం. తయారీదారు ఇచ్చే కాగితంలో ఒక్కో సందుకు ఎంత వాల్యూమ్ అని ఉంటుంది. దాన్ని పాలు నడిచే సందుల సంఖ్యతో గుణించాలి. ప్లేట్లు తీసినా కలిపినా ఆ అంకె మార్చుకోవాలి.

హోల్డింగ్ ట్యూబులో 15 సెకన్లు

వేడెక్కిన పాలను అదే వేడిలో కొన్ని సెకన్లు ఉంచే పైపే హోల్డింగ్ ట్యూబు. పైపు వాల్యూమ్ తప్పితే డబ్బే కాదు, ఆరోగ్యం కూడా దెబ్బతినే చోటు ఇది. పాశ్చరైజేషన్‌కు కనీస కొలత 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు. క్షయ కారకాల నుంచి క్యూ జ్వరం తెచ్చే కాక్సియెల్లా బర్నెటీ వరకు పాల ద్వారా వ్యాపించే రోగకారకాలను దృష్టిలో పెట్టుకుని ఈ కొలత స్థిరపడింది. ఉష్ణోగ్రతను థర్మామీటరు చూపిస్తుంది, రికార్డర్ గీస్తుంది, తగ్గితే ఫ్లో డైవర్షన్ వాల్వ్ పాలను వెనక్కి తిప్పేస్తుంది. సమయానికి మాత్రం చాలా చోట్ల అలాంటి కాపలా ఉండదు. ఆ 15 సెకన్లు పూర్తిగా హోల్డింగ్ ట్యూబు వాల్యూమ్ మీద, పాలు వచ్చే వేగం మీద ఆధారపడి ఉంటాయి.

గంటకు 5,000 లీటర్ల పాశ్చరైజర్ తీసుకుందాం. సెకనుకు 1.39 లీటర్లు, 15 సెకన్లకు 20.8 లీటర్లు. ట్యూబు అంతే పట్టేలా చేస్తే సరిపోదు. పైపులో గోడ పక్కన పాలు నెమ్మదిగా, మధ్యలో వేగంగా కదులుతాయి. సగటు 15 సెకన్లయితే మధ్యలో పరుగెత్తే పాలు అంతకంటే ముందే బయటపడతాయి. అందరికంటే ముందు బయటికొచ్చే చుక్క కూడా 15 సెకన్లు వేడిలో ఉండాలి. అందుకే డిజైనులో 0.8 నుంచి 0.9 మధ్య ఒక గుణకంతో భాగిస్తారు. 0.85 తీసుకుంటే 20.8 లీటర్లు 24.5 అవుతాయి. 38 ట్యూబులో అయితే 24.5 మీటర్లు, 51 ట్యూబులో అయితే 13.2 మీటర్లు కావాలి.

ఇప్పుడు ఫ్యాబ్రికేటర్ 51 ట్యూబుకు బయటి వ్యాసమే వేసి లెక్క కట్టాడనుకుందాం. 50.8 మి.మీ.కి మీటరుకు 2.03 లీటర్లు వస్తాయి కాబట్టి 12.1 మీటర్లు చాలని కోసి అతికిస్తాడు. చూడటానికి మీటరు తేడా. ఆ ట్యూబులో నిజంగా పట్టేది 22.4 లీటర్లు. ముందు పరుగెత్తే పాలకు దొరికే సమయం 13.7 సెకన్లు. దీనికి ఇంకొకటి తోడవుతుంది. 4 డిగ్రీల దగ్గరున్న పాలు 72 డిగ్రీలకు వేడెక్కితే రెండు శాతం పైచిలుకు వ్యాకోచిస్తాయి. చల్లటి వైపు ఫ్లో మీటరు 5,000 చూపిస్తుంటే హోల్డింగ్ ట్యూబులో నడిచేది 5,100కు పైనే. 13.7 కాస్తా 13.4 అవుతుంది. రికార్డర్ చార్టు మీద గీత మాత్రం 72కు పైనే నిటారుగా ఉంటుంది.

ఫ్లష్ సీజన్‌లో ఇంకో ఒత్తిడి వస్తుంది. చలికాలంలో గేదె పాలు పోటెత్తుతాయి, ట్యాంకర్లు గేటు బయట వరుసలో నిలబడతాయి. పంపు వేగం కొంచెం పెంచి 5,500 నడిపితే పని త్వరగా అయిపోతుందనిపిస్తుంది. సరిగ్గా 15 సెకన్లకు చేసిన ట్యూబు ఆ వేగంలో 13.6 సెకన్లే ఇస్తుంది. వేగం పెంచాలంటే ట్యూబు పొడవు పెంచాల్సిందే. చాలా డైరీలు ఉష్ణోగ్రతను 72 కంటే పైన, 78 దాకా పెట్టుకుంటాయి. దాని వల్ల రక్షణ పెరుగుతుంది, నిజమే. దాన్ని చూసుకుని సమయాన్ని తగ్గించుకోవడం మాత్రం నాకు సరైన పని అనిపించదు. పై డిగ్రీలు అనుకోని తేడా వచ్చినప్పుడు ఆదుకోవడానికి ఉన్నాయి.

హోల్డింగ్ ట్యూబు మొత్తం నిండి ఉంటేనే ఈ లెక్క చెల్లుతుంది. పైన గాలి బుడగ నిలిస్తే ఆ మేరకు పాలకు చోటు తగ్గి, పాలు వేగంగా దాటిపోతాయి. అందుకే ట్యూబును ప్రవాహ దిశలో పైకి వాలుగా బిగిస్తారు. అమెరికా నిబంధనల్లో అడుగుకు పావు ఇంచు, అంటే మీటరుకు రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు ఉండాలని రాసి ఉంది. సమయాన్ని నేరుగా కొలవడానికి ఉప్పు పరీక్ష ఉంది. లైనులో నీళ్ళు నడుపుతూ ట్యూబు మొదట్లో ఉప్పు ద్రావణం ఎక్కించి, మొదట్లోనూ చివర్లోనూ విద్యుత్ వాహకత ఎప్పుడు పెరిగిందో చూసి మధ్యలో ఎన్ని సెకన్లో లెక్కిస్తారు. కాగితం మీద లెక్క ఎంత బాగా వచ్చినా ఈ పరీక్ష ఒకసారి చేయించాలి.

నీళ్ళతో పాలను తోసేటప్పుడు

షిఫ్ట్ చివర్లో లైనులో మిగిలిన పాలను నీళ్ళతో తోసి ట్యాంకులోకి పంపుతారు. ఎప్పటిదాకా పాలు, ఎప్పటి నుంచి నీళ్ళు అన్నది చాలా చోట్ల ఆపరేటర్ సైట్ గ్లాసులో చూసి నిర్ణయిస్తాడు. తెల్లగా ఉన్నంతసేపు ట్యాంకుకే. ఇది ప్రమాదకరమైన పద్ధతి. ఒక వంతు పాలలో తొమ్మిది వంతుల నీళ్ళు కలిపినా గాజులోంచి తెల్లగానే కనిపిస్తుంది. కంటికి నీళ్ళలా కనిపించేసరికి ట్యాంకులోకి ఎన్ని నీళ్ళు చేరాయో ఎవరూ చెప్పలేరు.

వాల్యూమ్ తెలిస్తే గడియారంతో పని నడపొచ్చు. ఉదాహరణకు సైలో నుంచి పాశ్చరైజర్ దాకా 63.5 లైను 35 మీటర్లు, అంటే 100 లీటర్లు. పాశ్చరైజర్ నుంచి స్టోరేజ్ ట్యాంకు దాకా 51 లైను 80 మీటర్లు, 149 లీటర్లు. ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు 90, హోల్డింగ్ ట్యూబుకు 25, సెపరేటర్, హోమోజినైజర్, ఫిల్టర్లకు కలిపి 40, బ్యాలెన్స్ ట్యాంకు అడుగున 30 అనుకుందాం. మొత్తం 434 లీటర్లు. సెకనుకు 1.39 లీటర్ల చొప్పున 312 సెకన్లు, అంటే ఐదు నిమిషాల పన్నెండు సెకన్లకు నీళ్ళ మొదటి అంచు ట్యాంకు దగ్గరకు రావాలి.

రావాలి అంటున్నాను కానీ, ఆ అంచు కత్తితో కోసినట్టు ఉండదు. పాలూ నీళ్ళూ కలిసిన ఒక పొడవాటి ముక్క ముందుగా వస్తుంది. నేరుగా ఉన్న పైపులో, వేగం బాగా ఉంటే అది చిన్నగా ఉంటుంది. ప్లేట్ల మధ్య, ఫిల్టరు డబ్బాలో, బ్యాలెన్స్ ట్యాంకులో బాగా పెరుగుతుంది. కాబట్టి ఐదు నిమిషాల పన్నెండు సెకన్ల దాకా ఆగకుండా, కొంత ముందే వాల్వ్ తిప్పి కలగలుపు భాగాన్ని వేరే ట్యాంకులో పట్టాలి. ఎంత ముందన్నది సూత్రంతో చెప్పలేం. పది పది సెకన్లకు శాంపిల్ తీసి ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘన పదార్థం) చూస్తే ఒక్క రోజులో తేలిపోతుంది. కండక్టివిటీ సెన్సర్ ఉంటే ఇంకా మంచిది. పాల వాహకత సెంటీమీటరుకు 4 నుంచి 5.5 మిల్లీసీమెన్స్ మధ్య ఉంటుంది, మంచి నీళ్ళది దానికంటే బాగా తక్కువ. మన బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉన్న చోట్ల ఆ తేడా తగ్గిపోతుంది, అక్కడ సెన్సర్ పాయింటును ఆ నీళ్ళతోనే సరిచేసుకోవాలి.

దీనికి ఇంత పట్టుదల ఎందుకంటే, టోన్డ్ పాలకు కనీసం 3 శాతం వెన్న, 8.5 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ ఉండాలి. 2,000 లీటర్ల ట్యాంకులో సరిగ్గా 8.5 దగ్గరున్న పాలలోకి 20 లీటర్ల నీళ్ళు చేరితే ఎస్‌ఎన్‌ఎఫ్ 8.42కు పడిపోతుంది. ఎవరూ కల్తీ చేయాలనుకోలేదు. లైను లెక్క తెలియక వాల్వ్ కాస్త ఆలస్యంగా తిప్పారు, అంతే. ప్యాకెట్ పరీక్షలో తేలేది మాత్రం నీళ్ళు కలిసిన పాలే.

పెరుగు, క్రీమ్, ఐస్‌క్రీమ్ మిక్స్ లాంటి చిక్కటి వాటికి ఈ గడియారం పనిచేయదు. చిక్కటి ద్రవంలో మధ్య భాగం సగటుకు రెట్టింపు దాకా వేగంతో కదలొచ్చు. వెనక నుంచి నీళ్ళు తోస్తే గడ్డపెరుగులో గరిటె దిగినట్టు మధ్యలోంచి దారి చేసుకుని వెళ్ళిపోతాయి, గోడలకు సరుకు అలాగే మిగిలిపోతుంది. లైను వాల్యూమ్‌లో సగం నీళ్ళు పంపేసరికే, ఒక్కోసారి ఇంకా ముందే, అవతల నీళ్ళు కనిపిస్తాయి. అలాంటి లైన్లలో రబ్బరు పిగ్ (పైపులో బిగుతుగా జారే బిరడా) పంపి తోయడం మేలు. అది లేకపోతే నీళ్ళు పెట్టే ముందు వీలైనంత కిందికి వంపేయాలి.

సీఐపీలో అదే పైపు, వేరే అంకె

కడిగేటప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. లైను ఎంత పడుతుంది, అందులో వేగం ఎంత ఉంది. పైపు గోడలను శుభ్రంగా కడగాలంటే ద్రావణం సెకనుకు కనీసం 1.5 మీటర్ల వేగంతో పోవాలన్నది డైరీల్లో పాటించే కొలత. 51 లైనులో అందుకు సెకనుకు 2.78 లీటర్లు, గంటకు 10,000 లీటర్ల పంపు చాలు. 63.5 లైనుకు 15,400, 76 లైనుకు 22,500 కావాలి. పాలు నడిచే 5,000తోనే కడిగేస్తే 63.5 లైనులో వేగం అర మీటరు దాటదు. కాస్టిక్ సోడా సరిగ్గా కలిపినా, వేడి సరిపోయినా, మిల్క్‌స్టోన్ (పాల ఖనిజాలు గోడకు గట్టిగా అంటుకున్న పొర) మెల్లగా పేరుకుంటూనే ఉంటుంది. చిన్న పెద్ద పైపులు కలిసిన లైనులో పంపును పెద్ద పైపుకు సరిపడేలా చూసుకోవాలి.

కాస్టిక్ లెక్కలో పైపును మరిచిపోవడం కూడా తరచూ జరిగేదే. 1,000 లీటర్ల సీఐపీ ట్యాంకులో 1.5 శాతం రావాలని 15 కిలోల కాస్టిక్ వేశారు. సర్క్యూట్లో, వెళ్ళే లైను, తిరిగొచ్చే లైను కలిపి 250 లీటర్ల నీళ్ళు ముందే ఉన్నాయి. వాటిని కాలువలోకి వదలకుండా సర్క్యులేషన్ మొదలుపెడితే అవి ట్యాంకుకే చేరతాయి, బలం 1.2 శాతానికి దిగుతుంది. మొదటి నీళ్ళ కడుగు సమయం కూడా ఈ 250 మీదే ఉంటుంది. గంటకు 10,000 చొప్పున ఒక్కసారి లైను మారడానికే 90 సెకన్లు పడుతుంది. టైమరు 60 సెకన్లకు పెట్టి ఉంటే మొదటి కడుగు పాలు బయటికే రాలేదన్నమాట. అవి కాస్టిక్‌తో కలిసిపోతాయి.

ట్యాంకు సైజు ఎంచుకునేటప్పుడు కూడా ఇదే చూడాలి. ద్రావణం వెళ్ళి తిరిగొచ్చేలోపు ట్యాంకు ఖాళీ అయితే పంపు గాలి పీలుస్తుంది.

సగం నిండిన పైపు

ఇప్పటిదాకా పైపు నిండుగా ఉందనుకున్నాం. కింద వాలు సరిగ్గా లేకపోతే, రెండు సపోర్టుల మధ్య పైపు కిందికి వంగితే, షిఫ్ట్ అయ్యాక కూడా అడుగున పాలు నిలిచిపోతాయి. ఈ నిలిచిన పాలను లోతు చూసి అంచనా వేయడంలో పొరపాటు పడతాం. అడ్డంగా ఉన్న పైపులో సగం లోతు అంటే సగం వాల్యూమే. పావు లోతు అంటే మాత్రం పావు కాదు, 19.6 శాతం. పదో వంతు లోతులో 5.2 శాతమే ఉంటుంది. అడ్డంగా పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకర్లో కర్ర పెట్టి చూసే లెక్కకూ ఇదే వర్తిస్తుంది, అక్కడ పొరపాటు వందల లీటర్లలో ఉంటుంది.

51 లైనులో అడుగున 5 మి.మీ. లోతు నిలిస్తే మీటరుకు 100 మి.లీ. చూడటానికి చాలా తక్కువ. మే నెలలో షెడ్డు కింద 40 డిగ్రీల వేడిలో ఆ 100 మి.లీ. కొన్ని గంటలుంటే, తర్వాత వచ్చే మంచి పాలను చెడగొట్టడానికి చాలినంత బ్యాక్టీరియా తయారవుతుంది. లైన్లకు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇవ్వమనేది అందుకే. వాడకుండా వదిలేసిన టీ ముక్కల్లో, మూసేసిన బ్రాంచి లైన్లలో కూడా పాలు ఇలాగే నిలుస్తాయి. వాటిని కోసి తీసేయించడమే మందు.

నష్టం ఎక్కడ పోయింది?

నెలాఖరులో వచ్చిన పాలకూ వెళ్ళిన పాలకూ తేడా కనిపిస్తే అందరూ లైన్ల వైపు చూస్తారు. నిజంగా లైన్లలో పోయేదెంతో అంకెలతో చూద్దాం. పైపు ఖాళీ అయ్యాక గోడకు అంటుకున్న పొర 0.1 మి.మీ. మందం అనుకుంటే 51 లైనులో మీటరుకు 15 మి.లీ. వంద మీటర్లకు లీటరున్నర. పెరుగో క్రీమో అయి పొర ఒక మిల్లీమీటరు ఉంటే వంద మీటర్లకు 15 లీటర్లు. ట్యాంకర్ దింపే మూడు ఇంచుల గొట్టం ఆరు మీటర్లుంటే అందులో 27 లీటర్లు ఉంటాయి. విప్పే ముందు ట్యాంకర్ వైపు కొసను పైకెత్తి రిసెప్షన్ వైపు వంచకపోతే ప్రతి ట్యాంకర్‌కూ ఆ 27 నేల మీదే.

అయితే తేడా అంతా పైపులదే అనుకోకూడదు. ట్యాంకర్‌ను వేబ్రిడ్జి మీద కిలోల్లో తూస్తారు, ప్యాకెట్లు లీటర్లలో వెళ్తాయి. 10,300 కిలోల పాలను 1.028 సాంద్రతతో లీటర్లలోకి మారిస్తే 10,019 వస్తాయి, 1.032తో మారిస్తే 9,981. తేడా 38 లీటర్లు. అది 51 లైనులో ఇరవై మీటర్ల పైపు పట్టే పాలు. గేదె పాలు, ఆవు పాలు కలిసి వచ్చే మన డైరీల్లో సాంద్రత ఏ రోజుకారోజు మారుతుంది. ఎప్పుడూ 1.03 అని వేసేసి, పైపుల్లో దొంగను వెతకడం అన్యాయం. షిఫ్ట్ వాళ్ళ మీద నింద పడుతుంది, అసలు కారణం ల్యాబ్ షీటులో ఉంటుంది. ముందు అన్నీ కిలోల్లోకి మార్చి, వెన్న కిలోలు, ఎస్‌ఎన్‌ఎఫ్ కిలోలు సరిపోల్చి, ఆ తర్వాతే లైన్ల సంగతి చూడాలి.

లైన్లలో నిజంగా పోతుంటే మాత్రం అది చిన్న విషయం కాదు. పూటకు వంద లీటర్ల చొప్పున రోజుకు 200 లీటర్లు కాలువలోకి పోతే ఏడాదికి 73,000 లీటర్లు. ఒక్కో ఇంటి నుంచి రోజుకు పది లీటర్లు వస్తాయనుకుంటే ఇరవై ఇళ్ళ వాళ్ళు తెల్లవారుజామున లేచి పితికిన పాలు రోజూ పోతున్నట్టు. కాలువలోకి పోయాక కూడా కథ ముగియదు. పాల బీఓడీ (కుళ్ళేటప్పుడు నీటిలోంచి లాగేసే ఆక్సిజన్ కొలత) లీటరుకు దాదాపు లక్ష మిల్లీగ్రాములు, మామూలు మురుగు నీటిది రెండు మూడు వందలే. ఒక లీటరు పాలు ఇద్దరు మనుషులు ఒక రోజులో వదిలే మురుగుతో సమానమైన భారం ఈటీపీ (ప్లాంటు మురుగు శుద్ధి కేంద్రం) మీద వేస్తాయి. పాలను పోగొట్టుకున్నాక, వాటిని శుద్ధి చేయడానికి మళ్ళీ కరెంటు ఖర్చు పెడతారు.

నీళ్ళతో ఒకసారి కొలిచి రాసుకోవడం

కాగితం మీద లెక్క కట్టాక ప్లాంటు ఖాళీగా ఉన్న రోజు నీళ్ళతో సరిచూసుకోవాలి. లైనును నీళ్ళతో నింపి, ఎత్తైన చోట గాలి అంతా పోయేదాకా నడిపి, రెండు వైపులా వాల్వులు మూసేయాలి. తర్వాత కింది డ్రెయిన్ దగ్గర క్యాన్లలోకి వదిలి కాటా మీద తూయాలి. మామూలు ఉష్ణోగ్రతలో నీళ్ళు కిలో అంటే లీటరే అనుకోవచ్చు, తేడా అర శాతం లోపే. లెక్కలో 149 వచ్చిన లైను నుంచి 140 వస్తే లోపలి వ్యాసమో పొడవో మళ్ళీ చూడాలి, లేదా లైనులో నీళ్ళు ఎక్కడో నిలిచిపోతున్నాయి. కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊది ఇంకో నాలుగైదు లీటర్లు వస్తే వాలు సమస్య ఉందని తేలుతుంది. ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌కూ ఫిల్టర్లకూ ఈ పద్ధతిలో వచ్చే అంకె తయారీదారు కాగితం కంటే నమ్మకమైనది.

వచ్చిన అంకెలను లైనుకో వరుస చొప్పున ఒక పట్టికలో రాసి కంట్రోల్ ప్యానెల్ పక్కన అంటించాలి: లైను పేరు, లోపలి వ్యాసం, పొడవు, నిండుగా ఎన్ని లీటర్లు, వంపితే ఎన్ని వచ్చాయి, పాల వేగంలో నీళ్ళు చేరడానికి ఎన్ని సెకన్లు, సీఐపీ వేగంలో ఎన్ని సెకన్లు. తేదీ తప్పకుండా వేయాలి. కొత్త సైలో పెట్టి లైనుకు పన్నెండు మీటర్లు కలిపినా, 51 ముక్క తీసి 63.5 వేసినా, పాశ్చరైజర్‌కు ప్లేట్లు పెంచినా ఆ వరుస కొట్టేసి మళ్ళీ రాయాలి. ఆ రోజే పీఎల్‌సీలో (వాల్వులను, పంపులను నడిపే కంప్యూటర్‌లో) టైమర్లు కూడా మార్చాలి. వెల్డింగ్ చేసినవాళ్ళు వెళ్ళిపోయేలోపు లోపలి వ్యాసం, పొడవు వాళ్ళ ముందే కొలిచి, పట్టికలో వాళ్ళతోనే సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది.